అవ్వకు మాట వినబడుతుంది, అక్షరం జారిపోతుంది

హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే సడక్ మీద హసన్‌పర్తి ఉంది. దగ్గరలోనే ఎర్రగట్టు గుట్ట. గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఈ ఊళ్ళో ఒక అవ్వ ఉందనుకుందాం. వయసు డెబ్బై దాటింది. నాటు వేసిన చేతులు, కలుపు తీసిన చేతులు. ఇప్పుడు పని తగ్గింది. పొద్దు పోవడానికి గుడికి పోతుంది.

కార్తీక మాసం వచ్చింది. గుడిలో రోజూ సాయంత్రం కార్తీక పురాణం చెబుతున్నారు. రోజుకు ఒక అధ్యాయం. నెలకు ముప్పై అధ్యాయాలు. అవ్వ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు పోయింది. కాని మగవాళ్ళు ముందు కూర్చున్నారు. పిల్లల తల్లులు నడుమ కూర్చున్నారు. అవ్వ వెనక గోడకు ఆనుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చాక మనుమడు అడిగాడు.

"అవ్వా, ఇయ్యాల ఏం కథ చెప్పిండ్రు?"

"దేవుని కథ చెప్పిండ్రు."

"ఏ దేవుని కథ?"

అవ్వ పలకలేదు. లోపలికి పోయి పండుకుంది.

ఐదు రోజులు పోయింది. ఆరో రోజు పోలేదు. "కాళ్ళు నొస్తున్నయ్ బిడ్డా" అన్నది. కోడలు నిజమే అనుకుంది. కాని అదే కాళ్ళతో అవ్వ పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచి వచ్చింది! అప్పుడు కోడలికి అనుమానం వచ్చింది.

నొచ్చింది కాళ్ళు కాదు. పురాణం చెప్పే అయ్యగారి గొంతు అవ్వకు వినబడుతోంది. ఏమంటున్నాడో తెలియడం లేదు. అందరూ నవ్వితే తానూ నవ్వింది. అందరూ దండం పెడితే తానూ పెట్టింది. ఎంతసేపని అట్లా కూర్చుంటుంది? ఒకరోజు కునుకు పట్టింది. పక్కన కూర్చున్నవాళ్ళు మోచేత్తో పొడిచి నవ్వారు. ఆ మాట అవ్వ ఎవరికీ చెప్పలేదు.

ఇది ఒక గుడి సంగతి కాదు. ఆదివారం చర్చిలో వాక్యం వినే ముసలమ్మకూ ఇదే బాధ. మసీదులో బయాన్ వినే తాతకూ ఇదే బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై ఏళ్ళు దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి మించి ఇబ్బంది పెట్టేంత చెవుడు ఉంది. మీ వాడలో ఎందరు ముసలివాళ్ళు ఉన్నారో లెక్క పెట్టండి. ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

చెవి లోపల ఏముంది?

మనకు బయట కనబడేది చెవి డొప్ప. లోపలికి సన్నని దారి ఉంటుంది. ఆ దారి చివర పలుచని పొర ఉంటుంది. దాన్ని కర్ణభేరి అంటారు. డప్పు మీద తోలు ఉన్నట్టే ఉంటుంది. మాట గాలిలో కదిలి వచ్చి ఈ పొరకు తగులుతుంది. పొర అదురుతుంది. దాని వెనక మూడు చిన్న ఎముకలు ఉంటాయి. మన ఒంట్లో ఉన్న ఎముకల్లో అన్నిటికంటే చిన్నది అక్కడే ఉంది. బియ్యపు గింజ కంటే చిన్నది. ఈ ఎముకలు ఆ అదురును ఇంకా లోపలికి పంపుతాయి.

లోపల నత్తగుల్ల లాంటి గది ఉంటుంది. దాంట్లో నీరు నిండి ఉంటుంది. ఆ నీటిలో సన్నని వెంట్రుకలు ఉన్న కణాలు ఉంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. గాలికి వరి చేను ఊగినట్టు అవి ఊగుతాయి. ఊగితే నరం ద్వారా మెదడుకు కబురు పోతుంది. అప్పుడు మనకు "మాట వినబడింది" అని తెలుస్తుంది.

వయసు మీద పడిన కొద్దీ ఈ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. పెద్ద చప్పుళ్ళ మధ్య బతికినవాళ్ళకు ఇంకా తొందరగా పోతాయి. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. అలాంటి మిల్లుల్లో, మగ్గాల చప్పుడు నడుమ ఏళ్ళ తరబడి పని చేస్తే చెవి అరిగిపోతుంది. మైకు డబ్బా పక్కన, బారాత్‌లో డీజే పక్కన గంటల తరబడి నిలబడినా అంతే.

చచ్చిన కణం మళ్ళీ మొలవదు. కోడికి మొలుస్తుంది! అవును, మన పెరట్లో తిరిగే కోడికి చెవిలో ఈ కణాలు పోయినా మళ్ళీ వస్తాయి. శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చూశారు. మనిషికి మాత్రం ఆ భాగ్యం లేదు. వయసుతో వచ్చిన చెవుడును పోగొట్టే మందు, తైలం, సూది ఇప్పటి వరకు లేవు. ఉన్నాయని ఎవరైనా అంగట్లో అమ్మితే కొనకండి.

ముందుగా పోయేవి ఏ అక్షరాలు?

ఇది బాగా తెలుసుకోవలసిన సంగతి. నత్తగుల్ల వాకిట్లోనే సన్నని, కీచు శబ్దాలను పట్టే కణాలు ఉంటాయి. మోటు శబ్దాలను పట్టేవి లోపల ఉంటాయి. వయసుతో ముందు పోయేవి వాకిట్లో ఉన్నవి. అందుకే ముసలివాళ్ళకు ఉరుము వినబడుతుంది. డప్పు వినబడుతుంది. ఎద్దు రంకె వినబడుతుంది. పిట్ట కిచకిచ వినబడదు. ఫోను సన్నగా మోగితే వినబడదు.

మన మాటలో కూడా మోటువీ సన్నవీ ఉన్నాయి. అ, ఆ, ఇ, ఉ, ఓ మోటు శబ్దాలు. వీటికి బలం ఎక్కువ. స, శ, చ, త, ప, క వంటివి సన్నవి. వీటికి బలం తక్కువ. కాని మాటకు అర్థం ఇచ్చేవి ఎక్కువగా ఇవే.

ఈ నాలుగు మాటలు చదవండి.

పాలు. కాలు. చాలు. తాలు.

మొదటి అక్షరంలో ఉన్న ప, క, చ, త తీసివేయండి. ఏం మిగిలింది? నాలుగింటిలోనూ "ఆలు" ఒక్కటే మిగిలింది. "పాలు పోయనా?" అని కోడలు అడిగితే అవ్వ కాలు చాపుతుంది. అందరూ నవ్వుతారు. నవ్వవలసింది ఏముంది? అవ్వ చెవికి వచ్చింది "ఆలు" మాత్రమే. పాలో కాలో ఆమె ఊహించుకోవాలి.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఒకరు పక్క గదిలోకి పోయి, నోటికి కొంగు మడిచి అడ్డం పెట్టుకుని, ఈ నాలుగు మాటలు ఇష్టం వచ్చిన వరసలో చెప్పాలి. మీరు బయట కూర్చుని వినబడింది వినబడినట్టు పలక మీద రాయండి. ఎన్ని తప్పాయో చూసుకోండి. అవ్వకు రోజంతా ఇట్లాగే ఉంటుంది.

ఇంకో సంగతి. చాలా ఇళ్ళల్లో దీని మీదే కొట్లాట. "మా అత్తకు కొడుకు మాట వినబడతది. నా మాటే వినబడది. అంతా నటన" అని కోడళ్ళు అంటారు. నటన కాదు చెల్లె! మగవాళ్ళ గొంతు సాధారణంగా మోటు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు సన్నం. అవ్వ చెవిలో సన్న శబ్దాలు పట్టే కణాలే పోయాయి. అందుకే కొడుకు మాట చెవిన పడుతుంది. కోడలి మాట పడదు. మనుమరాలి మాట అసలే పడదు. ఇన్నాళ్ళూ ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్ళల్లో అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహం అయ్యారో!

ఇంట్లో మాట వేరు, గుడిలో మాట వేరు

ఇంట్లో అవ్వ ఎట్లాగో నెట్టుకొస్తుంది. "ఏమన్నవ్ బిడ్డా?" అని మళ్ళీ అడుగుతుంది. ఎదురుగా ఉన్న మనిషి పెదవులు చూస్తుంది. చేతి సైగ చూస్తుంది. పురాణం దగ్గర ఇవేవీ కుదరవు. నూరు మంది నడుమ లేచి "అయ్యా, మల్లొకసారి చెప్పు" అనగలదా? చెప్పే మనిషి దూరంగా ఉంటాడు. మైకు నోటికి అడ్డం ఉంటుంది. తల వంచి పుస్తకం చూసి చదువుతాడు. పెదవులు కనబడవు.

దూరం చాలా చెడ్డది. బయలు జాగాలో దూరం రెండింతలు అయితే చెవికి చేరే గొంతు బలం నాలుగో వంతే ఉంటుంది. రెండు గజాల నుంచి నాలుగు గజాలకు జరిగితే సగం తగ్గిందని అనుకుంటాం. సగం కాదు, ముప్పావు పోయింది.

ఇక గోడలు. రాతి మండపం, నున్నటి బండలు, రేకుల కప్పు. మాట పోయి గోడకు తగిలి తిరిగి వస్తుంది. ముందు అన్న అక్షరం తిరిగి వచ్చి తరువాతి అక్షరం మీద పడుతుంది. పడుచువాళ్ళ చెవి దాన్ని విడదీసుకుంటుంది. ముసలి చెవి విడదీయలేదు. పైగా ఫ్యాను చప్పుడు, పిల్లల ఏడుపు, పక్కవాళ్ళ ముచ్చట్లు.

"మైకు ఉంది కదా, చప్పుడు పెంచితే సరి" అని చాలామంది అనుకుంటారు. పెంచితే ఏమవుతుంది? మోటు శబ్దాలు ఇంకా పెద్దవి అవుతాయి. సన్న అక్షరాలు వాటి కింద మునిగిపోతాయి. మైకు బొయ్యిమంటుంది. అవ్వ చెవులు మూసుకుంటుంది. "చిన్నగ చెప్తే వినబడదు, గట్టిగ చెప్తే కోపం చేస్తది" అని ఇంట్లో విసుక్కుంటారు కదా, అదీ ఈ జబ్బు గుణమే. చిన్న మాట చెవిన పడదు. పెద్ద మాట చెవిని పోటు పొడుస్తుంది. నడుమ ఉన్న జాగా ఇరుకైపోతుంది.

అవ్వకు కునుకు ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. "శబరి రాముడికి పండ్లు పెట్టింది" అని అయ్యగారు అంటే అవ్వకు "అబరి రాముడికి అండ్లు ఎట్టింది" అన్నట్టు వినబడుతుంది. శబరి కథ అవ్వకు చిన్ననాటి నుంచి తెలుసు. జారిపోయిన అక్షరాలను మెదడు పెట్టుకుంటుంది. కాని కార్తీక పురాణంలో కథలు అన్నీ తెలిసినవి కావు. రాజుల పేర్లు, మునుల పేర్లు కొత్తవి. అక్షరం పోతే పెట్టుకోవడానికి లోపల సరుకు లేదు. ఒక మాట గురించి ఆలోచించే లోపల పది మాటలు పోతాయి. ఇట్లా గంటసేపు చేస్తే మెదడు అలసిపోతుంది. బస్తా మోసినట్టే ఉంటుంది. ఆ అలసటకే కునుకు పట్టింది. భక్తి లేక కాదు.

ఏం చేయాలి?

మొదట చెవి చూపించాలి. అన్ని చెవుళ్ళూ వయసుతో వచ్చినవి కావు. కొందరికి గులిమి గట్టిపడి దారి మూసుకుంటుంది. డాక్టరు తీసేస్తే అప్పుడే వినబడుతుంది. కొందరికి చీము, కొందరికి పొరకు చిల్లు. వీటికి వైద్యం ఉంది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో చెవి వినబడకుండా పోతే ఒక్కరోజు కూడా ఆగకుండా దవాఖానకు పోవాలి. ఇంట్లో పిన్నీసు పెట్టి తిప్పడం, మరిగిన నూనె పోయడం చేయకండి. వరంగల్‌లో ఎంజీఎం దవాఖాన ఉంది. అది సర్కారుది. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు అక్కడ ఉంటారు.

వినికిడి పరీక్ష నొప్పి లేని పరీక్ష. చెవులకు ఒక సాధనం తగిలిస్తారు. సన్నని చప్పుడు వినిపిస్తారు. వినబడితే బటను నొక్కాలి, లేదా చేయి ఎత్తాలి. ఏ శబ్దాలు పోయాయో కాగితం మీద గీత గీసి ఇస్తారు. ఆ గీత చూసి చెవి మిషను ఇస్తారు. గీత లేకుండా అంగట్లో మిషను కొనడం అంటే చూపు పరీక్ష లేకుండా ఎవరివో కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే.

మిషను కొనడానికి పైసలు లేనివాళ్ళు ఏం చేయాలి? కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో ఒక పథకం మొదలుపెట్టింది. దాని పేరు రాష్ట్రీయ వయోశ్రీ యోజన. అరవై ఏళ్ళు దాటిన పేదవాళ్ళకు చెవి మిషను, చేతి కర్ర, పళ్ళ సెట్టు, కళ్ళద్దాలు, చక్రాల కుర్చీ వంటివి ఉచితంగా ఇవ్వడానికి పెట్టిన పథకం ఇది. ఊరూరా రోజూ ఇవ్వరు. క్యాంపు పెట్టినప్పుడు ఇస్తారు. క్యాంపు ఎప్పుడో ఆశా కార్యకర్తను అడగండి. కలెక్టరు ఆఫీసులో వృద్ధుల సంక్షేమం చూసేవాళ్ళను అడగండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు తీసుకుని పోండి. మీకు ఇప్పుడు చదవడం వచ్చు కదా. దరఖాస్తులో ఏం రాశారో చదివి, తరువాతే సంతకం చేయండి.

మిషను పెట్టుకున్న మొదటి రోజే అవ్వ తీసి పారేస్తుంది. ఇది ముందే తెలుసుకోండి. గిన్నెల చప్పుడు, తలుపు చప్పుడు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. మొదట ఇంట్లో గంటసేపు పెట్టుకోవాలి. రోజూ కొంచెం కొంచెం పెంచాలి. అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. బ్యాటరీ చిన్నది, గుండీ అంత ఉంటుంది. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఎత్తులో దాచండి.

సిగ్గు సంగతి కూడా ఉంది. తెలంగాణలో 2018లో కంటి వెలుగు కార్యక్రమం పెట్టినప్పుడు ఎంతోమంది ముసలివాళ్ళు కళ్ళద్దాలు తెచ్చుకుని సంతోషంగా పెట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. మరి చెవికి మిషను పెడితే "చెవిటిది" అని ఎందుకు అంటారు?

అయితే మిషను ఉన్నా పురాణం దగ్గర కష్టం పూర్తిగా పోదు. మిషను దగ్గరి మాటను బాగా పట్టుకుంటుంది. దూరపు మాటతో పాటు చుట్టూ ఉన్న చప్పుడును కూడా పెంచుతుంది. కాబట్టి మిషను పెట్టుకున్నా ముందుకే పోయి కూర్చోవాలి.

ముందు వరస ఎవరిది?

ఇంగ్లండులో విట్బీ అనే సముద్రపు ఒడ్డు ఊరు ఉంది. అక్కడ సెయింట్ మేరీ చర్చి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ చర్చిలో ఉన్న ఫాదరుగారి భార్యకు చెవుడు. భర్త చెప్పే వాక్యమే ఆమెకు వినబడేది కాదు. అప్పుడు ఏం చేశారు? ఆయన నిలబడి మాట్లాడే పీటకు గరాటు లాంటి గొట్టాలు బిగించారు. ఆమె గొట్టం చివర చెవి పెట్టి విన్నది. ఆ గొట్టాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఆమెను ఇంట్లో కూర్చో అనలేదు, చూడండి! మాటను ఆమె చెవి దగ్గరికి తెచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో చర్చి గోడల చుట్టూ ఒక తీగ వేస్తారు. మైకులో అన్న మాట ఆ తీగ నుంచి నేరుగా చెవి మిషనులోకి పోతుంది. నడుమ ఫ్యాను చప్పుడు, గోడల మోత రావు. దీనికి మిషనులో ఒక ప్రత్యేకమైన చుట్ట ఉండాలి. కొనేటప్పుడు అడగాలి.

మన గుళ్ళో తీగ లేకపోవచ్చు. ముందు వరస ఉంది కదా. అవ్వను, తాతను అక్కడ కూర్చోబెట్టాలి. చెప్పే మనిషి ముఖం మీద వెలుగు పడాలి. మైకు గదవ కింద పట్టుకుంటే పెదవులు కనబడతాయి. ఒక పెద్ద డబ్బాను దూరంగా ఎత్తున కట్టడం కంటే చిన్న డబ్బాలు వినేవాళ్ళ దగ్గర పెట్టడం మేలు. వాక్యం వాక్యానికి కొంచెం ఆగాలి. ఈ మాటలు అయ్యగారికి, పాస్టరుగారికి, మౌల్వీగారికి ఎవరు చెప్పాలి? మహిళా సంఘం నుంచి నలుగురు పోయి చెప్పవచ్చు. పెద్దవాళ్ళకు మంచి మాట చెబితే వింటారు. నాకైతే ఇందులో తప్పు పట్టేవాళ్ళు ఉంటారని అనిపించదు. ముందు వరసలో కూర్చోవడానికి అలవాటు పడినవాళ్ళు కొంచెం మూతి ముడుస్తారు, అంతే.

ఇప్పుడు స్మార్ట్‌ఫోనుల్లో ఇంకో సదుపాయం వచ్చింది. ఎదుటి మనిషి మాట్లాడితే ఆ మాట ఫోను మీద అక్షరాలుగా పడుతుంది. తెలుగులో కూడా పడుతుంది. తప్పులు ఉంటాయి. శ్లోకాలు అసలే సరిగా రావు. కాని చదువు వచ్చిన మనిషికి సగం ఆసరా. ఫోనులో పురాణం రికార్డు చేసి, ఇంటికి వచ్చాక ఆపి ఆపి వినిపించినా మంచిదే.

మన అవ్వ ఇంటికి మళ్ళీ పోదాం. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. కూడబలుక్కుని చదువుతుంది. ఆమె అంగట్లో కార్తీక పురాణం పుస్తకం కొనుక్కొచ్చింది. సాయంత్రం గుడిలో చెప్పబోయే అధ్యాయాన్ని మధ్యాహ్నం ఇంట్లోనే చదవడం మొదలుపెట్టింది. అవ్వకు ఎదురుగా, వెలుతురు వైపు ముఖం పెట్టి, అరవకుండా, నిదానంగా. రాజు పేరు, ముని పేరు రెండుసార్లు చెబుతుంది. సాయంత్రం గుడిలో అవే పేర్లు వచ్చినప్పుడు అవ్వ పట్టుకుంటుంది. పోయిన అక్షరాలు పెట్టుకోవడానికి ఇప్పుడు లోపల సరుకు ఉంది.

ఒకరోజు కోడలు ఒక మాట దగ్గర ఆగిపోయింది. దకు కింద వ ఒత్తు. నోరు తిరగలేదు.

"దా... దా...దశి" అన్నది.

అవ్వ ఆమె పెదవుల వైపే చూస్తోంది.

"దాదశి కాదు బిడ్డా, ద్వాదశి. మల్ల సదువు" అన్నది.